చెరువు కింది మడి: ఆయుర్వేదం చూసిన శరీరము



ఈవేళ ఎరువుల సంగతి, పురుగు మందుల సంగతి కాస్త పక్కన పెడదాం. మన పూర్వపు వైద్యులు మనిషి శరీరాన్ని ఎట్లా చూసినారో, ఆ చూపులో వ్యవసాయం ఎంత వున్నదో ముచ్చటించుకుందాం.

హైదరాబాదుకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వున్నవి గదా! ఇప్పుడక్కడ మెట్రో రైలు స్తంభాలు, బట్టల దుకాణాలు, కోచింగు సెంటర్లే గాని మడిచెక్క కనపడదు. కాని పక్కనే సరూర్‌నగర్ చెరువు ఇంకా వున్నది. అది 1626లో సేద్యపు నీటి కోసం కట్టినదని చెప్తారు. దిల్‌సుఖ్‌నగర్ కూడా ఒకప్పుడు పొలమే. ఆ భూముల యజమాని దిల్‌సుఖ్ రాం పర్షాద్ పేరు మీదనే ఆ పేరు వచ్చిందంటారు. నేను కొత్తపేటలో అద్దెకున్న రోజుల్లో సాయంత్రాలు ఆ చెరువు దిక్కు నడిచేవాణ్ణి. తూము ఎక్కడ వుండేదో, కాలువ ఎటు పారేదో అని లెక్క వేసుకునేవాణ్ణి. ఉద్యోగం అలవాటు!

వైద్య గ్రంథాలు రాసినవారికీ ఈ కాలువ లెక్కే అక్కరకొచ్చింది. శరీరంలో ఏడు ధాతువులన్నారు: రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము. తిన్న అన్నం జఠరాగ్నిలో ఉడికి రసమవుతుంది. ఆ రసం ఒక ధాతువు నుంచి మరో ధాతువుకు ఎట్లా పోతుందని ప్రశ్న వస్తే, వ్యాఖ్యాతలు చెప్పిన జవాబుల్లో ఒకదాని పేరు కేదారీకుల్యా న్యాయం. కేదారమంటే మడి, కుల్య అంటే కాలువ. తలమడి తడిసినాకనే కింది మడికి నీరు. మన నీరటికాణ్ణి అడిగితే ఇదే చెప్తాడు. ఎగువన గండి పడితే ఆఖరి మడి ఎండినట్లే, అగ్ని మందగించి అన్నం సరిగా పచనం కాకపోతే కింది ధాతువులన్నీ బలహీనపడతాయన్నారు.

సుశ్రుతుడు ఇంకో మాట చెప్పినాడు. ఋతువు, క్షేత్రము, నీరు, విత్తనము నాలుగూ కూడితే మొలక వచ్చినట్లే గర్భం నిలుస్తుందట. ఇందులో ఏ ఒక్కటి లోపించినా పంట లేదని మీకు నేను చెప్పాలా?

ఇక వాతము, పిత్తము, కఫము. పంచభూతాల నుంచి ఈ మూడు దోషాలను లెక్కించినారు. గాలి, ఆకాశముల గుణం వాతానిది, వేడిమి పిత్తానిది, నీరు, మన్నుల గుణం కఫానిది. మూడూ తమ పాళ్లలో వుంటే ఆరోగ్యం. కాలాన్ని బట్టి ఇవి మారుతాయన్నారు. వాతం ఎండాకాలంలో పోగుపడి వానలకు ముదురుతుంది, పిత్తం వానల్లో చేరి శరత్తులో, కఫం చలికాలంలో చేరి వసంతంలో. నాట్లప్పుడు మోకాళ్ల నొప్పులని మన ఆడవాళ్లు అంటారే, ఆ లెక్క ఇదే. బురదలో రోజంతా వంగి వుండటం కూడా కారణమేనని నా అభిప్రాయం.

చెట్లకూ ఈ మూడు దోషాలున్నాయన్నవాడు సురపాలుడు. ఆయన వృక్షాయుర్వేదం సుమారు వెయ్యేళ్ల నాటిది. దాని వ్రాతప్రతి ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు గ్రంథాలయంలో వుండగా, డాక్టర్ వై. ఎల్. నెనె గారు నకలు తెప్పించినారు. నళినీ సాధలే గారు అనువదించినారు. 1996లో మన సికింద్రాబాదులోనే అచ్చయింది. ఆకులు పసుపుబారి, కాయ పక్వానికి రాకముందే రాలితే అది పిత్తమన్నాడాయన. ఈనాడు మేమైతే మట్టి పరీక్ష చేయించమంటాం. మాంసం, మజ్జ ఉడకబెట్టి, నువ్వుల చెక్క, తేనె, నానిన మినుములు కలిపి పులియబెట్టే కుణపజలం కూడా అందులో వున్నది. వాసన ఊహించుకోండి!

పోలిక ఎంత చక్కనిదైనా దానికొక హద్దున్నది. మడికి పారిన నీరు తిరిగి తూముకు రాదు. రక్తం మాత్రం గుండె నుంచి బయలుదేరి మళ్లీ గుండెకే చేరుతుంది. ఈ సంగతిని విలియం హార్వే అనే ఆంగ్ల వైద్యుడు 1628లో పుస్తకంగా వెలువరించినాడు. మన చెరువు కట్టిన రెండేళ్లకే నన్నమాట. పాతవారి చూపును గౌరవిద్దాం, కాని కొలిచి చూసినదాన్ని కాదనలేం గదా.

ఇదంతా నేనెందుకు తవ్వినానంటే మా చిన్నాయన వల్ల. ఆయనకు చక్కెర వ్యాధి. ఊరికొచ్చిన ఒకతను చీటీ లేని డబ్బాలో పొడి ఇచ్చి, “ఇది ఆయుర్వేదం, మూడు నెలల్లో రోగం వేళ్లతో పోతుంది, మాత్రలు మానెయ్యి” అన్నాడట. చిన్నాయన మానేసినాడు. పొలంలో కాలికి తుమ్మ ముల్లు గుచ్చుకున్నది, పుండు మానలేదు. పెద్దాసుపత్రిలో రెండు వేళ్లు తీసేసినారు.

ఆ డబ్బా వాడు ఆయుర్వేదం చదివినట్లు లేడు. చరకుడు, సుశ్రుతుడు ఈ వ్యాధిని బాగా ఎరుగుదురు. రోగి మూత్రానికి చీమలు పడతాయని కూడా రాసి పెట్టినారు. కఫం వల్ల వచ్చే మేహం నయమవుతుందని, పిత్తం వల్ల వచ్చేదాన్ని అదుపులో వుంచుకోవాలని, వాతం వల్ల వచ్చే మధుమేహం అసాధ్యమని విడదీసి చెప్పినారు. అంటే నయం చేస్తానని ప్రమాణం చేసినవాడు ఆ గ్రంథాల మాటకే ఎదురు చెప్పినట్లు. ఇన్సులిన్‌ను మనిషికి మొదటిసారి 1922లో కెనడాలో ఎక్కించినారు. అంతదాకా ఏ దేశపు వైద్యుడి దగ్గరా దీనికి సరైన మందు లేదు.

“నాకు ముందే ఎందుకు చెప్పలేదురా?” అని చిన్నాయన అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు. వారానికి రెండు ఊళ్లు తిరిగి విత్తన శుద్ధి గురించి చెప్తాను, మా ఇంటి మాట అడగలేదు.

ఇప్పుడాయన మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు, చెప్పులు లేకుండా గట్టు ఎక్కడు. ఆ ఖాళీ డబ్బాలో మెంతి విత్తనం దాచినాడు.