పక్షవాతం తర్వాత మెదడులో దారులు

అనంతపురం, హిందూపురం వైపు ఎవరికైనా కాలూ చేయీ పడిపోతే ముందు వినిపించే పేరు బెంగళూరు నిమ్హాన్స్. పాత మానసిక వైద్యశాలనూ, 1954లో పెట్టిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ 1974లో కలిపితే ఏర్పడిన సంస్థ అది. పడిపోయిన చెయ్యి మళ్లీ ఎలా కదులుతుందన్న ప్రశ్న మాత్రం అంతకన్నా చాలా పాతది.

1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ కోడిపిండంలో పెరుగుతున్న నరం కొసను చూశాడు. దానికి రసాయనాలేవో దారి చూపుతున్నాయని రెండేళ్లకు ఊహించాడు. రుజువుకు వందేళ్లు పట్టింది. నరం కొసను వెనక్కి నెట్టే సెమాఫోరిన్ జాతి ప్రోటీను 1993లో దొరికింది. దగ్గరికి పిలిచే నెట్రిన్ మరుసటి ఏడాది బయటపడింది, అదీ కోడిపిండాల మెదళ్ల నుంచే.

అసలు మలుపు 1998. సెమాఫోరిన్‌ను పట్టుకునే న్యూరోపిలిన్ అనే గ్రాహకమే రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్‌నూ పట్టుకుంటుందని తేలింది. నరాలూ నాళాలూ పక్కపక్కనే సాగడం శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ 1543 నాటి బొమ్మల్లోనే ఉంది. అయినా నరాలవాళ్లూ నాళాలవాళ్లూ అన్నాళ్లు ఒకరి పత్రిక ఒకరు చదవలేదేమో అనిపిస్తుంది!

పక్షవాతంలో చచ్చిన భాగం చుట్టూ కొన ఊపిరితో ఉన్న కణజాలం ఉంటుంది. కొన్నాళ్లకు అక్కడ కొత్త నాళాలు మొలుస్తాయి, వాటిని ఆనుకుని కొత్త నరకణాలు ముందుకు కదులుతాయి. ఎలుకల్లో నెట్రిన్ ఇస్తే ఈ పని మెరుగైంది. కానీ వేళ తప్పితే మందే చేటు. 2000లో డెట్రాయిట్ పరిశోధకులు వీఈజీఎఫ్‌ను ఎలుకలకు పక్షవాతం వచ్చిన గంటకే ఇస్తే నాళాలు కారాయి, 48 గంటలకు ఇస్తే కోలుకున్నాయి.

మనిషితో పోలిస్తే ఎలుక మెదడులో నరాల పోగులుండే తెల్ల పదార్థం బాగా తక్కువ. అందుకే మనిషి మెదడు కావాలి. నాడీ రోగ నిర్ధారణ నిపుణుడు ఎస్.కె. శంకర్ 1995లో నిమ్హాన్స్‌లో మానవ మెదడు కణజాల భాండాగారం నెలకొల్పారు. చనిపోయినవారి కుటుంబాలు ఇచ్చిన మెదళ్లను అక్కడ గడ్డకట్టించి దాస్తారు. దాదాపు అదే కాలంలో నాడీజబ్బులు ఎంతమందికి ఉన్నాయో చూడటానికి అక్కడి నాడీవైద్యురాలు గౌరీదేవి బృందం బెంగళూరు నగరంలో, చుట్టుపక్కల పల్లెల్లో 1,02,557 మందిని పరీక్షించింది. నాడీజబ్బులు పల్లెల్లోనే దాదాపు రెట్టింపని తేలింది.

మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు. నరాల ఎదుగుదలను అడ్డుకునే మరో ప్రోటీనుకు విరుగుడుగా చేసిన యాంటీబాడీని పక్షవాత రోగులపై పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది: నడక వేగంలో తేడా లేదు. ఈ రోజుకూ దిక్కు నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే సూది, కొందరికి గడ్డను లాగేసే చికిత్స, ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ.