ఒంగోలు గిత్త రాకముందు

బ్రెజిల్‌లో ఉంటున్నానంటే మనవాళ్లు అడిగేది ఒకటే: "అక్కడ మన ఒంగోలు ఎద్దుల్ని చూశావా?" చూడకుండా ఎలా కుదురుతుంది? ఊరు దాటితే చాలు, గంగడోళ్లు ఊపుకుంటూ తెల్లటి మందలు. ఇక్కడ వాటి పేరు నెలోరి. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వచ్చిన గిత్త పేరు పశువుల వంశావళుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. మాది ఆ పక్క ఊరే కాబట్టి చాలాకాలం నేనూ మీసం మెలేశాను.

పంతనాల్ వెళ్లాక ఆ ఊపు కొంచెం తగ్గింది. పరాగ్వే నది ముంచెత్తే పచ్చికమైదానం అది, సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అందులో ఓ మూలకి చాలదు. నేల ఎంత చదునంటే, ఎగువన కురిసిన వాన దిగువనున్న కొరుంబా పట్టణం చేరడానికి నెలలు పడుతుంది. వానలు వెనకబట్టాక, ఫెళ్లున ఎండ కాస్తుండగా వరద వస్తుంది. అప్పుడు పశువులు ఇసుకదిబ్బలెక్కుతాయి. వాటిని ఇక్కడివాళ్లు పర్వతశ్రేణులంటారు! చూస్తే మన చెరువుకట్టంత ఉండవు.

పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు పరాగ్వేలోని అసున్సియోన్ వైపు నుంచి, 1719లో కుయబా ఊరు వెలిశాక బంగారం కోసం ఎగబడ్డ పోర్చుగీసువాళ్లు తూర్పు నుంచి ఇక్కడికి పశువుల్ని తోలుకొచ్చారు. తప్పిపోయినవి అడవిబట్టాయి. 1864లో పరాగ్వే సైన్యం వచ్చిపడితే ఆసాములు పారిపోయారు, మందలు మళ్లీ గాలికి పోయాయి. దాణా లేదు, వైద్యం లేదు, తట్టుకున్నదే ఈనింది. అలా మిగిలింది మూపురం లేని, చిన్న ఒంటి ఆవు. నీళ్లలో నిలబడి మూతి ముంచి మేస్తుంది. దాన్ని తుకూర అంటారు, మనం 'నాటుది' అన్నంత చులకనగా.

ఇరవయ్యో శతాబ్దంలో రైతులు బరువు కోసం తుకూర ఆవుల మీదికి మన జాతి ఎద్దుల్ని వదిలారు. కొన్ని తరాల్లో తుకూర రక్తం పలచబడిపోయింది. ఇప్పుడు కొన్ని పొలాల్లోనూ, ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా కాపాడుతున్న మందలోనూ తప్ప అచ్చమైనవి అరుదు.

మాది ఒంగోలు దగ్గరని గొప్పగా చెబితే ఒక ముసలి కాపరి నవ్వాడు. "మీవి బరువు తూగుతాయి," అని మాత్రం అన్నాడు.

రెండు జాతుల ఫొటోలూ అన్నయ్యకి పంపాను. వెంటనే జవాబొచ్చింది: "మనది ఎంత ఠీవిగా ఉందిరా! ఆ రెండోదేంటి, బక్కగా?"