సర్పగంధ నేర్పిన పాఠం



ఇంట్లో ఒకరికి కొన్నాళ్ళుగా నిద్ర పట్టదు. తిండి సయించదు. దేనిమీదా మనసు నిలవదు. "సంతలో వేరు తెచ్చి పొడిచేసి ఇవ్వండి, చెట్టుమందు చెడు చెయ్యదు" అంటారు తెలిసినవాళ్ళు. ఆ మాట ఎంతవరకు నిజమో సర్పగంధ అనే వేరు కథ వింటే తెలుస్తుంది.

ఉన్మాదానికీ, నిద్రలేమికీ, పాముకాటుకూ ఈ వేరును మన దేశంలో తరతరాలుగా వాడారు. బీహారులో దీన్ని 'పాగల్ కీ దవా', అంటే పిచ్చికి మందు అనేవారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఇది ఉన్మాదానికీ, రక్తపు పోటుకూ పనిచేస్తుందని వ్యాసం రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులలో కనిపించిన గుణాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. దానితో పాశ్చాత్య వైద్యుల దృష్టి ఇటు మళ్ళింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు వేరులోంచి రిజర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1954లో అమెరికా మనోవైద్యుడు నేథన్ క్లైన్ మానసిక రోగులలో దీని ఉపయోగాన్ని వివరించారు.

అదే 1954లో, అదే అమెరికాలో, ఎడ్వర్డ్ ఫ్రీస్ అనే వైద్యుడు మరో సంగతి బయటపెట్టారు. రక్తపు పోటుకు రిజర్పిన్‌ను పెద్ద మోతాదులో చాలాకాలం వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో పడ్డారు! మెదడులో నరాల కొసల వద్ద నిల్వ ఉండే సెరొటోనిన్ వంటి పదార్థాలను ఈ మందు తగ్గించివేస్తుంది. తక్కువ మోతాదులో కూడా దిగులు వస్తుందా అన్నదానిపై తర్వాతి పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా దిగులు జబ్బు ఉన్నవారికి రిజర్పిన్ తగదన్న హెచ్చరిక మాత్రం నిలిచిపోయింది.

చూశారా! ఉద్రేకాన్ని చల్లార్చిన వేరే, దిగులుతో ఉన్నవారిని ఇంకా కుంగదీయవచ్చు. రోగం తెలియకుండా మందు ఎంచుకోరాదు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇంకో చిక్కు, పేర్లది. ఒడియాలో పాతాళగరుడ అంటే సర్పగంధ. సంస్కృత వైద్యంలో పాతాళగరుడి అంటే దూసరతీగ. సంతలో పేరు చెప్పి కొంటే చేతికి ఏది వస్తుందో!

అందుచేత శ్రోతలారా, వేరైనా, లేహ్యమైనా, సీసాలో మాత్రలైనా వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు దాచకండి. వీలైతే ఆ పొట్లమే తీసుకెళ్ళి చూపించండి. రక్తపు పోటుకో, దిగులుకో మాత్రలు వేసుకునేవారు వాటిమీద ఈ వేరు కలిపితే ప్రమాదం. వేరు దొరికింది కదా అని ఆ మాత్రలు హఠాత్తుగా మానడమూ ప్రమాదమే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అడగకుండా ఏదీ ఇవ్వకండి. ఇంట్లో ఎవరైనా "ఇక బతికి ఏం లాభం" అన్నారంటే పొడులూ కషాయాలూ పక్కన పెట్టి, వారిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పెద్దలిచ్చిన వేరును గౌరవిద్దాం. మందు అని గుర్తుపెట్టుకోవడమే దానికి మనమిచ్చే గౌరవం. సెలవు.