విమానాశ్రయాల సంకేతాక్షరాలు – చరిత్రకు ఒక ఆధారం

గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో వచ్చిన బంధువుల సూట్‌కేసుకు అంటించిన ట్యాగ్ మీద హెచ్.వై.డి. అనే పెద్ద అక్షరాలను మీలో చాలామంది చూసే ఉంటారు. అది హైదరాబాద్ విమానాశ్రయ సంకేతం. చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: హైదరాబాద్‌లో ఏ విమానాశ్రయం? 2008 మార్చి వరకు ఆ మూడక్షరాలు బేగంపేటవి. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలైనప్పుడు అవి అక్కడికి తరలిపోయాయి. బేగంపేటకు బి.పి.ఎం. అనే వేరే సంకేతం వచ్చింది. 1995 నాటి టిక్కెట్టు మీద హెచ్.వై.డి. అని చూసి శంషాబాద్ అని రాసుకుంటే తప్పులో కాలేసినట్లే.

ఈ మూడక్షరాల సంకేతాలను కేటాయించేది అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే అయాటా. 1945లో హవానాలో ఏర్పడిన ఈ సంఘం విమాన కంపెనీలది. టిక్కెట్లు, సామాను, టైంటేబుళ్లు దాని అవసరాలు. ప్రయాణికుడు ఏ ఊరు చేరాలన్నదే వాటికి ముఖ్యం. పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. దాని సంకేతం హెచ్.డి.డి. కనుక రెండు ఊళ్ల సామాను కలగలిసిపోదు.

పైలట్లు, విమాన నియంత్రణ అధికారులు వాడేది మరో పద్ధతి. 1944 నాటి షికాగో ఒప్పందం నుంచి పుట్టిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నాలుగక్షరాల సంకేతాలు ఇస్తుంది. వీటిలో తొలి అక్షరాలు ప్రాంతాన్ని తెలుపుతాయి. వి.ఓ. అంటే దక్షిణ భారతం. బేగంపేట అప్పుడూ ఇప్పుడూ వి.ఓ.హెచ్.వై.; శంషాబాద్ వి.ఓ.హెచ్.ఎస్. మూడక్షరాలు ప్రయాణికులతో పాటు శంషాబాద్ వెళ్లాయి, నాలుగక్షరాలు రన్‌వేతో పాటు బేగంపేటలోనే ఉండిపోయాయి. పాత పత్రాలను చదివేటప్పుడు ఈ తేడా ఎంతో ఉపకరిస్తుంది.

ఇక పేర్ల సంగతి. బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది, కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. సంకేతాలు మాత్రం నేటికీ బి.ఓ.ఎం., ఎం.ఏ.ఏ., సి.సి.యు.లే. "మూడక్షరాలు మార్చడం ఎంతసేపు సార్?" అని తరగతిలో పిల్లలు అడిగేవారు. ప్రపంచంలోని ప్రతి విమాన కంపెనీ రికార్డుల్లో మార్చాలి మరి! షికాగో నగరపు ఓ'హేర్ విమానాశ్రయం ఈనాటికీ ఓ.ఆర్.డి.యే. 1949లో పేరు మారక ముందు అది ఆర్చర్డ్ ఫీల్డ్. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ ఎల్.ఇ.డి. సంకేతంలో ఇంకా లెనిన్‌గ్రాడే.

దీన్నిబట్టి సంకేతాలు మారనే మారవని అనుకోకండి. న్యూయార్క్‌లోని ఐడిల్‌వైల్డ్ విమానాశ్రయానికి 1963లో హత్యకు గురైన అధ్యక్షుడు కెనడీ పేరు పెట్టినప్పుడు ఐ.డి.ఎల్. పోయి జె.ఎఫ్.కె. వచ్చింది. కజకిస్తాన్ రాజధాని కథ మరీ విచిత్రం. సోవియట్ కాలంలో అది సెలినోగ్రాడ్, సంకేతం టి.ఎస్.ఇ. దేశం స్వతంత్రమై, నగరం పేరు ఒకటికి రెండుసార్లు మారినా ఆ అక్షరాలు చెక్కుచెదరలేదు. 2019లో నగరానికి మాజీ అధ్యక్షుడి పేరుతో నూర్‌సుల్తాన్ అని పెట్టారు. మరుసటి ఏడాది సంకేతాన్నీ ఎన్.క్యూ.జెడ్.గా మార్చారు. 2022లో నగరం మళ్లీ అస్తానా అయింది. సంకేతం మాత్రం వెనక్కి మారలేదు.