నకిరేకల్‌లో డేటాకార్డు, లినక్సులో మూడు పీలు

ఫోన్లో హాట్‌స్పాట్ మీట నొక్కి లాప్‌టాప్ తెరిచే ఇప్పటి కుర్రాళ్ళు నమ్మరు గానీ, 2007-2010 మధ్య లినక్స్ వాడే ఐటీ వాడు సొంతూరెళ్ళి అక్కణ్ణుంచి ఆఫీసు పని చేయడమంటే చిన్న విషయం కాదు. దాని చరిత్ర ఎక్కడా ఒకచోట రాసి లేదు. గుర్తున్నంత వరకూ నేను రాసిపెడతాను.

తెలియని వాళ్ళకి: నకిరేకల్ హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి, కట్టంగూరు దాటాక, హైదరాబాదుకి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అప్పుడది 9వ నంబరు జాతీయ రహదారి, 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు 65 అయింది. పెద్ద దూరమేమీ కాదు. కానీ సపోర్ట్ డ్యూటీ పడిన వారం ఆ దూరం దాటాలంటే జేబులో నెట్ ఉండాలి. మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ తీగ రాలేదు. సెల్ టవర్ మాత్రం ఉంది. అందుకని డేటాకార్డు.

కొన్న పెట్టె మీద విండోస్ బొమ్మ ఒక్కటే ఉండేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే (కంపెనీ పేరు వద్దులెండి) "ముందు స్టార్ట్ బటన్ నొక్కండి సార్" అనేవారు. లినక్స్ అని చెప్తే అటువైపు కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత "అది సపోర్ట్ చేయదు సార్". అసలు తమాషా ఏంటంటే అది శుభ్రంగా సపోర్ట్ చేస్తుంది. ఆ సంగతి అమ్మేవాళ్ళకే తెలీదు.

ఎందుకంటే ఆ కార్డు లోపల ఉన్నది పాత డయలప్ మోడెమే. 1981లో అమెరికాలో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్ అని ఒకటి తెచ్చింది. వేగం సెకనుకి 300 బిట్లు. దాని గొప్పతనం వేగంలో లేదు. కంప్యూటర్ నుంచి మామూలు అక్షరాలు పంపి దాన్ని నడిపించొచ్చు, అదీ గొప్ప. ముందు 'ఏటీ' అంటే 'అటెన్షన్, ఇటు చూడు' అని. వెనక 'డీ' పెట్టి నంబరిస్తే డయల్ చేస్తుంది. పని కుదిరితే ఓకే, లేకపోతే ఎర్రర్. మిగతా కంపెనీలన్నీ ఇదే భాష కాపీ కొట్టాయి. 1990లలో జీఎస్‌ఎమ్ ప్రమాణాలు రాసినవాళ్ళూ దీన్నే తీసుకుని సెల్ ఫోన్లకి కావలసిన కమాండ్లు కలిపారు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కీచుమని అరిచిన మోడెమ్‌లదీ ఇదే భాష. అరుపు పోయింది గానీ మాట అదే.

టాటా టెలీసర్వీసెస్ సీడీఎమ్ఏ సర్వీసు మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే. 2002 డిసెంబరులో రిలయన్స్ దిగింది. వీళ్ళ కార్డుల్లో డయల్ చేయాల్సిన నంబరు #777. ఫోను మీటల్లో 7 మీద 'పీ' ఉంటుంది, మూడు ఏడులు కలిపితే పీపీపీ. మోడెమ్ మీద ఇంటర్నెట్ నడిపే ప్రోటోకాల్ పేరూ అదే. జీఎస్‌ఎమ్ వాళ్ళది *99#. సీడీఎమ్ఏ 1ఎక్స్‌లో గరిష్ఠ వేగం సెకనుకి 153.6 కిలోబిట్లు, అంటే 19 కిలోబైట్లు. అదీ కాగితం మీద. నగరాల్లో ఈవీడీవో వచ్చి 3.1 మెగాబిట్లని ప్రకటనలు వేసినా మా ఇంట్లో మాత్రం 1ఎక్సే అందేది. అదైనా లాప్‌టాప్ మేడ మీద పెట్టి, కార్డుని యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో పిట్టగోడ మీద కూర్చోబెడితేనే.

మరి లినక్సులో ఇబ్బంది ఎక్కడ? రెండు చోట్ల.

మొదటిది ఆ కార్డు వేసే వేషం. 2007 ప్రాంతంలో హువావే ఇ220 లాంటివి వచ్చాయి. గుచ్చగానే 'నేను సీడీ డ్రైవ్‌ని' అంటాయి. అందులో విండోస్ డ్రైవర్ ఉంటుంది. అది ఎక్కాక కార్డుకి ఒక రహస్య సందేశం పంపితే, అప్పుడు సీడీ వేషం తీసేసి మోడెమ్ అవుతుంది. లినక్స్ పాపం నిజంగానే సీడీ అనుకుని మౌంట్ చేసి కూర్చునేది. యోషువా డీట్సే అనే జర్మన్ ప్రోగ్రామర్ యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఎవరి దగ్గర కొత్త కార్డుంటే వాళ్ళు విండోస్‌లో యూఎస్‌బీ తీగ మీద ఏం వెళ్తోందో పట్టుకుని ఆయనకి పంపడం, ఆయన దాన్ని జాబితాలో కలపడం. అలా వందల కార్డులు చేరాయి. కొన్ని కార్డులకైతే ఇంత తతంగం అక్కర్లేదు, సీడీని ఎజెక్ట్ చేస్తే చాలు, మోడెమ్ బయటికొచ్చేది :-)

రెండోది డ్రైవర్. మొదట్లో అందరం యూఎస్‌బీ-సీరియల్ అనే సాధారణ డ్రైవర్‌కి కార్డు వెండర్ నంబరూ ప్రొడక్ట్ నంబరూ చేత్తో ఇచ్చి లోడ్ చేసేవాళ్ళం. కనెక్ట్ అయ్యేది గానీ దాని బఫర్లు చిన్నవి, వేగం పెరిగితే డేటా రాలిపోయేది. ఇది గమనించి 2005లో మథియాస్ ఉర్లిక్స్ 'ఆప్షన్' డ్రైవర్ రాశాడు. ఆప్షన్ అనేది కార్డులు చేసే ఒక బెల్జియం కంపెనీ పేరు. ఆ ఒక్క కంపెనీ పేరు మీద పుట్టిన డ్రైవర్ తర్వాత హువావే, జెడ్‌టీఈ అందరి కార్డులనీ మోసింది. బీఎస్‌డీ వాళ్ళూ ఊరుకోలేదు. ఫ్రీబీఎస్‌డీలో యూ3జీ, ఓపెన్‌బీఎస్‌డీలో యూఎమ్ఎస్ఎమ్ డ్రైవర్లు వచ్చాయి.

ఇక డయల్ చేయడానికి డబ్ల్యూవీడయల్. కెనడాలో వరల్డ్‌విజన్స్ అనే చిన్న కంపెనీ కుర్రాళ్ళు 1990లలో ఇళ్ళలోని మోడెమ్‌ల కోసం రాసింది అది. ఆ డబ్ల్యూవీ వాళ్ళ పేరే. కాన్ఫిగ్ ఫైల్లో ఫోన్ #777, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఇంకో లైను 'స్టుపిడ్ మోడ్ = 1'. అంటే అతి తెలివి చూపించకుండా తిన్నగా పీపీపీ మొదలుపెట్టు అని. మన సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఈ ఆప్షన్ ఉంటే ఎంత బావుణ్ణు!

ఈ ప్యాకేజీలు దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ప్యాకేజీలుండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. అందుకే బస్సెక్కే ముందే హైదరాబాదులో అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకునేవాణ్ణి.

ఇంత కష్టం దేనికంటే, 2009లో మా నాయినకి కంటిశుక్లం ఆపరేషన్ అయింది. అది సరిగ్గా నా డ్యూటీ వారం. కార్డు లేకపోతే పొద్దున చూసి సాయంత్రం బస్సెక్కాలి. ఉండబట్టి నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. చుక్కల మందు గంట గంటకీ వేస్తూ, మధ్యలో మేడెక్కి సర్వర్లు చూసుకుంటూ. అమ్మ కింద నుంచి "ఇంకా దొరకలేదా బిడ్డా సిగ్నలు, బువ్వ చల్లారుతుంది" అనేది. ఇక్కడ లినక్స్ వాడకం కలిసొచ్చింది. 1ఎక్స్ మీద రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే తెల్లారుతుంది. ఎస్ఎస్‌హెచ్‌లో పోయేది అక్షరాలే కాబట్టి అంత సన్నటి దారిలోనూ పని జరిగింది.

తర్వాత కథ త్వరగా మారింది. 2008 చివర్లో ఉబుంటు 8.10తో నెట్‌వర్క్ మేనేజర్‌లోనే మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. దేశం, కంపెనీ ఎంచుకుంటే చాలు. ఆ దేశదేశాల కంపెనీల జాబితాని నింపిందీ ఎక్కువగా వాడేవాళ్ళే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక సీడీఎమ్ఏ కార్డుల గురించి అడిగేవాడు లేడు. 2017 చివరికి రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ సర్వీసు మూసేసింది, టాటా మొబైల్ వ్యాపారం 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసింది.

4జీ కాలంలో వచ్చిన హువావే హైలింక్ లాంటి స్టిక్కులు మోడెమ్‌లా కాకుండా నెట్‌వర్క్ కార్డులా కనపడతాయి. లోపల ఒక బుల్లి లినక్సే నడుస్తూ డయలింగ్ అదే చూసుకుంటుంది. గుచ్చితే చాలు, నెట్ వస్తుంది. సుఖమే, కాదనను. కానీ రానప్పుడు ఎక్కడ ఆగిందో మనకి చెప్పదు. #777 రోజుల్లో లాగ్ చూస్తే టవర్ దొరకలేదా, పాస్‌వర్డ్ తప్పా, పీపీపీ తెగిందా అని ఒక్కో లైనూ చదువుకోగలిగేవాళ్ళం. నాకు ఆ పద్ధతే ఇష్టం.

అన్నట్టు, ఆ భాష ఇంకా చావలేదు. ఇప్పటి 5జీ మాడ్యూళ్ళు చాలావాటిని లినక్సులో పెడితే ఏటీ పోర్టు ఒకటి కనపడుతుంది. మీ సొరుగులో పాత డేటాకార్డుంటే మినీకామ్‌తో తెరిచి 'ఏటీఐ' అని కొట్టి చూడండి. బతికుంటే తన కంపెనీ పేరూ, మోడలూ చెప్తుంది.