తాళపుచెవికి పూర్వము
1932లో నిజాము ప్రభుత్వ రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిన తరమున, మోటారును కదలించుట తరచు బాహుబలముతోడి పని. ముందరి హేండిలు ఎదురుతిరిగి త్రిప్పువాని మణికట్టును విరుచుటయు కలదు. అమెరికా ఇంజనీరు కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కారున నెలకొని క్రమముగా ఆ కష్టమును తొలగించెను. దారి కష్టమును అట్లే తగ్గెను: 1965లో భద్రాచలమునొద్ద గోదావరిపై వంతెన వెలసిన పిమ్మట, ఖమ్మము నుండి పాల్వంచ మీదుగా అడవిదారిని బయలుదేరిన బండి పడవకై నిలువక రామాలయమును చేరగలిగెను.

నేడు బండికి కావలి ఇమ్మొబిలైజరను దొంగతన నిరోధక పరికరముది. తాళపుచెవిలోని చిప్పు పలుకు సంకేతమును ఇగ్నిషను చుట్టునున్న తీగచుట్ట గ్రహింపనిచో, ఇంజనుకు ఇంధనమందదు. ఒకమారు స్టార్టయి మరొకమారు మొరాయించు బండిని అడవిలో విప్పబోక, మొదట రెండవ తాళపుచెవితో పరీక్షింపవలెను. దానితో నిలుకడగా నడచినచో దోషము తొలి చిప్పుదే కావచ్చును, నడవకున్నచో తీగచుట్టను, దాని కనెక్టరును చూడవలెను. కావున భద్రాద్రి యాత్రికులారా, రెండవ తాళపుచెవిని ఇంట విడువకుడు.