తోట వైకుంఠం చిత్రాలు: భావం, సంకేతాలు

తోట వైకుంఠం (జననం 1942) తెలంగాణ పల్లె స్త్రీపురుషుల బొమ్మలతో దేశమంతటా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. సొంతూరు బూరుగుపల్లి. ఆ ఊరు ఒకప్పుడు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనిది. హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు.

ఆయన ప్రసిద్ధ చిత్రాల్లో గుట్టలు, చెరువులు, పొలాలు దాదాపు కనిపించవు. నేపథ్యం చాలాసార్లు ఒకే రంగు పూత. అయినా అది తెలంగాణ పల్లె అని చూడగానే తెలిసిపోతుంది. చైనా శీతాకాల ప్రకృతి చిత్రాలది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. సోంగ్ వంశ కాలంలో (960–1279) ఫాన్ క్వాన్ వంటివారు మంచు కొండలతో పటం నింపేశారు. తెల్లరంగు పూయడం కన్నా పట్టుగుడ్డను ఖాళీగా వదిలి, చుట్టూ పలుచని సిరా పరిచి మంచును చూపడం అక్కడి మేలైన పద్ధతుల్లో ఒకటి. మనిషి ఉంటే చీమంత. ఏకాంతాన్ని, ఓర్పును ఆకు రాలిన కొమ్మలు, చలికి వాడని పైన్ చెట్లు చెబుతాయి.

వైకుంఠం ఆ పనంతా మనిషి ఒంటికే అప్పగించారు. చామనఛాయను దాటిన నల్లని మేను, నుదుటిమీద రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు, కొప్పులో పూలు, ముక్కుపుడక, మెరిసే చీర అంచు. ఎరుపు, పసుపు, కాషాయం మొహమాటం లేకుండా పక్కపక్కన నిలుస్తాయి. నల్లని మేనిని ఆయన దాచలేదు, ఛాయ తగ్గించలేదు. ఎరుపుకు బలం దాని పక్కనే వచ్చింది. ఈ బొమ్మల్లో అన్నిటికన్నా గట్టి మాట అదే. మగవారికి నిలువు నామాలు, భుజాన కండువా.

ఈ స్త్రీలు చాలాసార్లు ఏ పనిలోనూ ఉండరు. నిండుగా నిలబడి, వాలుకళ్లతో పక్కకు చూస్తారు. ఆ నిలకడలో ఠీవి ఉంది. తన బొమ్మల వెనుక అమ్మ రూపం, చిన్ననాడు ఊళ్లో చూసిన ఆడవేషాల నటులు ఉన్నారని ఆయన చెప్పుకున్నారు. కళ్లలోని ఆ నాటకీయత అక్కడిదే కావచ్చు. తొలినాటి బొగ్గు చిత్రాల్లోని బరువు తర్వాతి రంగుల్లో కొంత తగ్గి, అలంకారం పెరిగింది.

బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) సినిమాకు కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకున్నారు. గడీలో, అంటే దొర భవంతిలో, నలిగిన ఆడమనిషి కథ అది. చిత్రాల్లోని వెలుగునే చూసినవారు ఈ సినిమానూ తప్పక చూడాలి.